ఉద్యోగం పోయిన ఏడాది కృతజ్ఞత కూడిక

నవంబరు నాలుగో గురువారం అంటే మన ఐటీ జనాలకి తెలిసిన అర్థం ఒకటే. అమెరికా క్లయింటుకి సెలవు, రాత్రి కాల్స్ ఉండవు. 2024లో మాత్రం నాకు కాల్స్ లేకపోవడానికి కారణం వేరు. అంతకు ఆరు వారాల ముందే ఉద్యోగం పోయింది. లాప్‌టాప్ తిరిగిచ్చేసి తిరుచానూరు వచ్చేశాను.

"28న కృతజ్ఞత కూడిక పెడదాం నాయనా, డల్లాస్‌లో అక్కా వాళ్ళకీ ఆ రోజు సెలవే, ఫోన్లో చూస్తారు" అంది అమ్మ. నాకు ఒళ్ళు మండింది.

తెలియని మిత్రుల కోసం... కృతజ్ఞత కూడిక అంటే మా క్రైస్తవుల ఇళ్ళల్లో పెట్టుకునే ప్రార్థన. బంధువులు, సంఘస్థులు వస్తారు. పాటలు, ఇంటివాళ్ళ సాక్ష్యం, పాస్టరుగారి వాక్యం, చివర్లో భోజనాలు. పల్లె సంఘాల్లో కోతల పండగ కూడా ఉంటుంది. వడ్లు, గుమ్మడికాయలు, కోళ్ళు తెచ్చి చర్చిలో పెడతారు, తర్వాత వేలం పాడతారు. మా తరానికి వడ్లు లేవు, మొదటి జీతమే ప్రథమఫలం.

తేడా అక్కడే వచ్చిందని నా అభిప్రాయం. ఉద్యోగమొస్తే కూడిక, వీసా స్టాంపైతే కూడిక, ఫ్లాటు కొంటే కూడిక. అది దేవుడికి చెప్పే థాంక్సో, బంధువులకి ఇచ్చే ప్రకటనో అర్థం కాకుండా పోయింది. మరి ఏమీ రానివాడు? అందరి కూడికల్లో కుర్చీలు సర్ది, బిర్యానీ వడ్డించి, "నీదెప్పుడు బాబూ?" అనే ప్రశ్న తప్పించుకుని ఇంటికి పోతాడు.

"ఏం సాక్ష్యం చెప్పమంటావ్? నన్ను తీసేశారని చెప్పనా?" అన్నాను.

"చెప్పు. జీతమొస్తేనేనా దేవుడు?" అంది.

చరిత్ర చూస్తే అమ్మే కరెక్టు. 1621లో ప్లిమత్‌లో విందు చేసుకున్న వలసదారులు, అంతకు ముందు చలికాలంలోనే తమలో దాదాపు సగం మందిని పోగొట్టుకున్నారు. లింకన్ 1863లో దేశమంతా కృతజ్ఞతా దినం పాటించమని ప్రకటించింది అంతర్యుద్ధం మధ్యలో. అంతా బాగున్న ఏడాది పుట్టిన పండగ కాదది.

ఆ కథకి ఇంకో ముఖం కూడా ఉంది. ఆ వలసదారులకి సాయం చేసిన వాంపనోగ్ జాతివాళ్ళు తర్వాత తమ భూముల్నే పోగొట్టుకున్నారు. 1970 నుంచి అదే ప్లిమత్‌లో, అదే గురువారం, అక్కడి మూలవాసులు సంతాప దినం పాటిస్తున్నారు. దేవుడికి థాంక్స్ చెప్పేసి మనుషుల్ని మర్చిపోతే మిగిలేది ఇదే.

ఆ తప్పు నేనూ చేశాను. ఆ సాయంత్రం తెలిసొచ్చింది.

ఆ రోజే మా ఊళ్ళో పద్మావతీ అమ్మవారి బ్రహ్మోత్సవాలకి ధ్వజారోహణం. వీధంతా జనం. కార్తీకమాసం కదా, పక్కింటివాళ్ళు కూడా తినాలని అమ్మ కోడి మానేసి టమోటా అన్నం, వడలు చేసింది. పక్కింటి పెద్దమ్మ గుడికి పోయొచ్చి, కుంకుమ బొట్టుతోనే మా గుమ్మం దగ్గర కూర్చుంది. ఇంజనీరింగ్ రెండో ఏడాది నా ఫీజుకి గొలుసు తాకట్టు పెట్టింది ఆమే. మొదటి జీతం కూడికలో దేవుడికి, పాస్టరుగారికి, లెక్చరర్లకి థాంక్స్ చెప్పాను. అప్పుడూ ఆమె అదే గుమ్మం దగ్గర ఉంది. ఆమె మాట ఎత్తలేదు నేను. అప్పు సంగతి నలుగురిలో ఎందుకని...

లూకా సువార్తలో యేసు పదిమంది కుష్ఠరోగుల్ని బాగుచేస్తే తిరిగొచ్చి కృతజ్ఞత చెప్పింది ఒక్కడే, వాడూ సమరయుడు, పరాయివాడు. చిన్నప్పటి నుంచి విన్న కథే. వెళ్ళిపోయిన తొమ్మిదిమందిలో నేనున్నానని ఎప్పుడూ అనుకోలేదు.

లేచి ఉద్యోగం పోయిందని చెప్పాను. గొలుసు సంగతీ చెప్పాను. "ఎప్పుడో విడిపించుకుంటిమి గదా, ఇప్పుడెందుకు నాయనా" అంది పెద్దమ్మ, కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ. భోజనాలప్పుడు మా చిన్నాన్న కొడుకు పక్కకి పిలిచి, తనకీ ఎనిమిది నెలలుగా పని లేదని, ఇంట్లో తెలియదని చెప్పాడు. నేను విజయగాథ చెప్పి ఉంటే వాడు నోరు విప్పేవాడా?

ఒకటి స్పష్టంగా చెప్పాలి. ఉద్యోగం పోయినందుకు నేను థాంక్స్ చెప్పలేదు. పౌలు థెస్సలొనీకయులకి రాసింది అన్ని పరిస్థితుల్లోనూ కృతజ్ఞతతో ఉండమని. జరిగిన ప్రతిదానికీ థాంక్స్ చెప్పమని కాదు. అన్యాయం అన్యాయమే.

ఐదు నెలలకి వేరే ఉద్యోగం దొరికింది. అయినా నా దృష్టిలో మా ఇంట్లో జరిగిన అసలైన కృతజ్ఞత కూడిక ఉద్యోగం లేనప్పటిదే. అన్నీ కుదిరాక పెడదామని ఆగకండి. మీ ఇంట్లో ఈసారి పెడితే, కుర్చీలు సర్దుతున్న కుర్రాణ్ణి కూడా కాసేపు కూర్చోబెట్టి వాడి మాట వినండి.