రెండేళ్ల తరువాత ఎక్కడికి?

కాలిఫోర్నియాలో ఉంటున్న ఒక సోదరి ఉత్తరం రాశారు. వారి అమ్మాయి అక్కడ కమ్యూనిటీ కాలేజీలో మొదటి సంవత్సరం చదువుతున్నదట. "రెండేళ్లయ్యాక పెద్ద యూనివర్సిటీకి మారాలి. మంచివి ఓ పదిహేను పేర్లు రాసి పంపండి. ఈలోగా నలుగురిలో ఈ కాలేజీ పేరు చెప్పడానికి మావారు నామోషీ పడుతున్నారు" అంటారామె.

ముందు ఆ నామోషీ సంగతి చూద్దాం. కమ్యూనిటీ కాలేజీ అంటే సీటు దొరకనివారు తలదాచుకునే సత్రం కాదు. ఇల్లినాయి రాష్ట్రంలో జోలియట్ అనే ఊళ్లో 1901లో పెట్టిన ఇటువంటి కాలేజీ ఇప్పటికీ నడుస్తూనే ఉన్నది. 1960లో కాలిఫోర్నియా ప్రభుత్వం పైచదువులకు ఒక పెద్ద ప్రణాళిక వేసుకొని, ఈ కాలేజీల తలుపులు అందరికీ తెరిచింది. అక్కడ రెండేళ్లు శ్రద్ధగా చదివినవారు యూనివర్సిటీలో మూడో ఏట చేరడానికి బాట వేసింది. ఇవాళ ఆ ఒక్క రాష్ట్రంలోనే ఇవి 116 ఉన్నాయి. ఫీజు తక్కువ, పిల్ల ఇంటిపట్టున ఉంటుంది, చివరకు పట్టా మీద ఉండేది యూనివర్సిటీ పేరే. మన పిల్లలు పాలిటెక్నిక్ డిప్లొమా చేసి, ఈసెట్ రాసి, బి.టెక్. రెండో సంవత్సరంలో చేరితే ఎవరికైనా నామోషీగా ఉన్నదా?

అయితే పోలిక అంతవరకే. మన దగ్గర ర్యాంకు వస్తే గట్టెక్కినట్లే. అక్కడ చదివిన ఒక్కొక్క కోర్సుకూ లెక్క ఉన్నది. ఆ కోర్సును కొత్త యూనివర్సిటీ ఒప్పుకుంటే సరి. ఒప్పుకోకపోతే చదువు బుర్రలో ఉంటుందేగాని లెక్కలోకి రాదు. అమెరికా కాంగ్రెస్ తరఫున తనిఖీలు చేసే కార్యాలయం 2017లో ఒక అంచనా ప్రకటించింది. 2004 - 2009 మధ్య కాలేజీలు మారినవారు - అన్ని రకాల కాలేజీల వారూ కలిపి - సగటున నూటికి 43 వంతుల క్రెడిట్లు పోగొట్టుకున్నారట! డబ్బూ పోయె, కాలమూ పోయె.

కనుక పేర్లకంటె ముందు తేలవలసినది, అమ్మాయి ఏ సబ్జెక్టు తీసుకుంటుందన్నది. నాలుగు పేజీల ఉత్తరంలో ఆ మాట ఎక్కడా కనబడలేదు! అది తేలాక, కాలిఫోర్నియా వారు 'అసిస్ట్' అనే వెబ్‌సైటు పెట్టారు, అందులో చూసుకోవాలి. మన కాలేజీ పేరూ, వెళ్లదలచిన యూనివర్సిటీ పేరూ, సబ్జెక్టూ ఇస్తే, ఇక్కడి ఏ కోర్సు అక్కడి దేనికి సమానమో చూపిస్తుంది. కంప్యూటర్ సైన్సునే తీసుకోండి. బర్కిలీ వారు కోరే పట్టీ ఒకటి, అర్వైన్ వారు కోరేది మరొకటి. జాబితాలో ఒక పేరు పెరిగిందంటే ఇక్కడ మరో లెక్కల కోర్సో, ఫిజిక్సు కోర్సో నెత్తిన పడవచ్చు. మూడో ఏట చేరడానికి కావలసినవి 60 సెమిస్టర్ యూనిట్లు. డి ఆంజా కాలేజీలోవలె క్వార్టర్ పద్ధతి ఉన్నచోట 90. పదిహేను యూనివర్సిటీల కోరికలు అందులో ఇమడవు. పట్టీలు చాలావరకు కలిసే ఐదారు పేర్లు చాలునని నా అభిప్రాయం.

ఆ ఐదారింటిలో ఒకటి ఖాయంగా దొరికేది ఉండాలి. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాకు బి.ఏ., బి.ఎస్. చదువులు చెప్పే ప్రాంగణాలు తొమ్మిది. వాటిలో డేవిస్, అర్వైన్, మెర్సెడ్, రివర్‌సైడ్, శాంటా బార్బరా, శాంటా క్రజ్ - ఈ ఆరూ, తాము చెప్పిన మార్కులూ కోర్సులూ ఉంటే సీటు ఇస్తామని ముందే హామీ ఇస్తాయి. కొన్ని సబ్జెక్టులకు ఆ హామీ లేదు. పైగా ఆరింటిలో ఒక్కదాన్నే అడగాలి, అదీ సెప్టెంబరు నెలలోనే. బర్కిలీ, లాస్ ఏంజెలిస్, శాన్ డియేగో వారికి ఈ పద్ధతే లేదు. తండ్రిగారి మనసు బర్కిలీ మీద ఉంటే నిక్షేపంగా దానికీ దరఖాస్తు పెట్టవచ్చు - ముందు ఈ హామీ చేతిలో పెట్టుకొని.

కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ అని మరో కుటుంబం ఉన్నది. బదిలీ కోసమే ప్రత్యేకించిన రెండేళ్ల డిగ్రీ పూర్తిచేసిన వారికి అందులో సీటు దొరికేలా 2010లో చట్టం వచ్చింది. కాని ఫలానా ఊళ్లోనే అన్న హామీ లేదు. ఇంటి నుంచి శాన్ హోసేకు వెళ్లి రావచ్చుననుకున్న పిల్లకు మరెక్కడో రావచ్చు. అప్పుడు గది అద్దె, భోజనం ఖర్చు ఎంతో ఇప్పుడే లెక్క చూసుకోండి.

యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాకు దరఖాస్తు ఫారం ఒక్కటే అయినా, రుసుము మాత్రం ప్రాంగణానికి ఒకటి చొప్పున కట్టాలి. గడువు నవంబరు నెలాఖరుకు అటూ ఇటూ. రెండో ఏడు మొదలయ్యాక చూద్దాంలే అనుకుంటే, చదవని కోర్సులు అప్పటికి బయటపడతాయి. ఈ వారమే అమ్మాయిని కాలేజీ కౌన్సెలరు దగ్గరకు ఆ పట్టీలతో పంపండి. లోపలికి ఆమెనే వెళ్లనివ్వండి. తండ్రిగారు బయట కుర్చీలో కూర్చుని పత్రిక చదువుకోవచ్చు.