రిసెప్షన్ బార్... కాకూడదు భారం!

ముహూర్తం కుదిరింది. హాలు బుక్కయింది. గుత్తివంకాయ దగ్గర్నుంచి గోంగూర మటన్ దాకా మెనూ కూడా ఖరారైంది. అమెరికాలో ఉన్న కొడుకు పెళ్లి రిసెప్షన్‌కి ఇక చేయాల్సిందేమీ లేదనుకుంటుండగా బాంక్వెట్ హాలు మేనేజర్ ఓ కాగితం ముందు పెడతాడు. ‘బార్ ఏ పద్ధతిలో పెట్టమంటారు?’ ఓపెన్, లిమిటెడ్, కన్జంప్షన్, క్యాష్... వరసగా గళ్లు. ఏదో ఒకదానికి టిక్కు పెట్టాలి.

విజయవాడ నుంచో వరంగల్ నుంచో వెళ్లిన తండ్రికి ఇదంతా కొత్త. ‘మందు పెట్టాలా వద్దా’ అన్నంత వరకే ఆయన ఆలోచించి ఉంటాడు. ‘ఫ్రెండ్సంతా వస్తారు నాన్నా, ఓపెన్ బార్ లేకపోతే ఏం బాగుంటుంది?’ అంటాడు కొడుకు. ‘మీరెలా అంటే అలాగే బావగారూ’ అంటూ వియ్యంకుడు తెలివిగా తప్పుకుంటాడు. చివరికి మొహమాటం కొద్దీ అన్నిటికన్నా ఖరీదైన గడిలో టిక్కు పడుతుంది.

న్యూజెర్సీలోనైనా డాలస్‌లోనైనా ఖర్చు తడిసి మోపెడయ్యే చోట్లలో ఇదొకటి. డబ్బు సంగతి అలా ఉంచినా, పోసే ప్రతి గ్లాసుతో పాటు పిలిచినవాళ్ల నెత్తిన ఓ బాధ్యత పడుతుంది. అందుకే టిక్కు పెట్టేముందు ఏ గడికి ఏమిటి అర్థమో తెలుసుకోవాలి.

గడి గడికీ తేడా

ఓపెన్ బార్ అంటే అతిథి జేబులో చెయ్యి పెట్టనక్కర్లేదు. ఎవరు ఎంత తాగినా ఖర్చు పెళ్లివారిదే. మనిషికింత, ఇన్ని గంటలకు ఇంత అని ముందే రేటు మాట్లాడుకుంటారు. ఇందులోనూ మెట్లున్నాయి. ‘హౌస్’ అంటే హాలువాళ్లు మామూలుగా వాడే చౌక బ్రాండ్లు. ‘ప్రీమియం’ అంటే పేరున్న సీసాలు. మెట్టు ఎక్కేకొద్దీ రేటూ ఎక్కుతుంది.

లిమిటెడ్ బార్‌లో బీరు, వైను, పెళ్లికొడుకు పేరు మీదో పెళ్లికూతురి పేరు మీదో ఒకట్రెండు కాక్‌టెయిల్స్... అంతవరకే. విస్కీ, వోడ్కా సీసాలు కనిపించవు. ఖర్చు తగ్గుతుంది, గొడవా తగ్గుతుంది. కాకపోతే మన బాబాయిలూ మావయ్యలూ వైను గ్లాసు వైపు కన్నెత్తి చూడరు. వాళ్లకు విస్కీ ఉండాల్సిందే. బీరు, వైనుతో పాటు ఒక్క స్కాచ్ చేర్చమని అడిగితే చాలా హాళ్లు ఒప్పుకుంటాయి.

కన్జంప్షన్ బార్‌లో తాగినదానికే లెక్క. పోసిన గ్లాసులో, తెరిచిన సీసాలో లెక్కేసి చివర్లో బిల్లు ఇస్తారు. డబ్బు ఇచ్చేది పెళ్లివారే.

క్యాష్ బార్‌లో ఎవరి గ్లాసుకు వాళ్లే డబ్బులిచ్చుకోవాలి. బ్రిటన్ పెళ్లిళ్లలో ఇది మామూలే, అక్కడెవరూ తప్పు పట్టరు. మనవాళ్లలో మాత్రం పిలిచి కూర్చోబెట్టి పర్సు తీయమంటే జన్మంతా చెప్పుకుంటారు. మధ్యేమార్గంగా కొందరు టోకెన్లు పెడతారు. అతిథికి రెండు టోకెన్లు ఉచితం, ఆపైన కావాలంటే కొనుక్కోవాలి.

ఇవేవీ కాదంటే సరుకు సొంతంగా కొని తెచ్చుకోవచ్చు. దీనికి హాలువాళ్లు ఒప్పుకోవాలి. ఒప్పుకున్నా సీసాకింత అని ‘కార్కేజ్’ వసూలు చేసేవాళ్లున్నారు. వంట బయటి ఇండియన్ కేటరర్‌కి ఇవ్వనిచ్చే హోటళ్లు కూడా మందు దగ్గరికొచ్చేసరికి ‘మా దగ్గరే తీసుకోవాలి’ అంటాయి. లైసెన్సు వాళ్ల పేరు మీద ఉంటుంది మరి.

తాగనివాళ్ల లెక్క

ఓపెన్ బార్ ప్యాకేజీలో మనవాళ్లు గమనించని కిటుకు ఒకటుంది. రేటు సాధారణంగా పెద్దవాళ్లందరికీ కలిపి వేస్తారు, తాగేవాళ్లకు మాత్రమే కాదు. మన పెళ్లిళ్లకు వచ్చే అమ్మమ్మలు, పిన్నులు, శనివారం ముట్టని పెద్దాయనలు... వీళ్లందరూ మంచినీళ్లు తాగినా లెక్కలో పడతారు.

ఊహకు ఓ ఉదాహరణ తీసుకుందాం. పెద్దవాళ్లు 250 మంది. మనిషికి 40 డాలర్ల ప్యాకేజీ. మొత్తం 10,000 డాలర్లు. అందులో నిజంగా తాగేవాళ్లు 120 మందే. అదే కన్జంప్షన్ పద్ధతిలో గ్లాసు 9 డాలర్లనుకుంటే, తలా నాలుగు గ్లాసులకు అయ్యేది 4,320 డాలర్లు. సగం కన్నా తక్కువ! ప్యాకేజీ గిట్టుబాటు కావాలంటే ఆ 120 మందీ తలా తొమ్మిది గ్లాసులకు పైగా తాగాలి. ఏ ఇంటివారూ కోరుకోని పరిస్థితి అది.

అలాగని కన్జంప్షనే ఎప్పుడూ మేలనుకోకూడదు. వచ్చేవాళ్లలో ఎక్కువమంది కుర్రకారు అయితే మీటరు ఆగదు. అప్పుడు ముందే గీసిన ప్యాకేజీ నయం. కన్జంప్షన్ ఎంచుకుంటే మేనేజర్‌తో ఓ హద్దు మాట్లాడుకోవాలి. ‘బిల్లు ఇంతకు చేరగానే నాకు చెప్పండి. ఆపైన బీరు, వైను మాత్రమే పోయండి’ అని. అలాగే ప్యాకేజీలో 21 ఏళ్ల లోపు పిల్లలకూ, అసలు తాగనివారికీ కూల్‌డ్రింకుల రేటు వేయమని అడగడానికి సిగ్గుపడక్కర్లేదు. అడిగితేనే తగ్గేది.

కాగితం మీద చివరి గీతలూ చూడాలి. చెప్పిన రేటు మీద సర్వీస్ ఛార్జీ, ఆపైన పన్ను పడతాయి. సర్వీస్ ఛార్జీ చాలాచోట్ల 20 శాతం పైమాటే. అది బార్‌టెండర్‌కి వెళ్లే టిప్పో, హాలు ఖాతాలోకి వెళ్లే సొమ్మో విడిగా అడగాలి. లేకపోతే ఒకటికి రెండుసార్లు ఇచ్చుకున్నట్టవుతుంది.

ఎన్ని సీసాలు?

సరుకు సొంతంగా తెచ్చుకునేవారికి అమెరికాలో వాడుకలో ఉన్న లెక్క ఒకటుంది. తాగే మనిషికి మొదటి గంటలో రెండు గ్లాసులు, ఆ తర్వాత గంటకొకటి. అంటే వంద మందికి నాలుగు గంటల పార్టీలో దాదాపు 500 గ్లాసులు. అక్కడ ఒక ‘డ్రింక్’ అంటే 355 మిల్లీలీటర్ల బీరు, 148 మిల్లీలీటర్ల వైను లేదా 44 మిల్లీలీటర్ల విస్కీ. మూడింట్లోనూ ఉండే ఆల్కహాల్ దాదాపు ఒకటే, 14 గ్రాములు. 750 మిల్లీలీటర్ల విస్కీ సీసాకు 16 డ్రింకులు, వైను సీసాకు 5 వస్తాయి. కాబట్టి సగం విస్కీ తాగేవాళ్లనుకుంటే 16 విస్కీ సీసాలు, 20 వైను సీసాలు, 150 బీర్లు సరిపోతాయి. మూత తీయని సీసాలు వెనక్కి తీసుకుంటారో లేదో కొనేటప్పుడే అడగాలి. కొన్ని రాష్ట్రాల్లో ఆ వీలుండదు. 50 నుంచి 75 మందికి ఒక బార్‌టెండర్ ఉండాలి. తగ్గితే బార్ ముందు క్యూ, భోజనాల దగ్గర ఖాళీ కుర్చీలు.

ఇక్కడ మనవాళ్లు పొరపాటు పడే చోటు మరొకటుంది. మన లార్జ్ పెగ్గు 60 మిల్లీలీటర్లు. మనదేశపు విస్కీలో ఆల్కహాల్ సాధారణంగా 42.8 శాతం. అంటే ఒక లార్జ్ పెగ్గులో ఉండే ఆల్కహాల్ దాదాపు ఒకటిన్నర అమెరికన్ డ్రింకులతో సమానం. ‘రెండే వేశానోయ్’ అనే పెదనాన్న నిజానికి మూడు వేసినట్టు! అందుకే చేతివాటంగా కాకుండా కొలత కప్పుతో పోయమని బార్‌టెండర్‌కి చెప్పాలి.

తాళం ఎవరి చేతిలో?

బార్ తెరవడం సులువు. ఎప్పుడు మూయాలో తెలియడమే అసలు విద్య. ఒక డ్రింకులోని ఆల్కహాల్‌ని ఒంట్లోంచి పంపేయడానికి కాలేయానికి ఇంచుమించు గంట పడుతుంది. బ్లాక్ కాఫీ తాగించినా, మొహం మీద నీళ్లు కొట్టినా ఆ గంట తగ్గదు. ఖాళీ కడుపున తాగితే ఇంకా త్వరగా ఎక్కుతుంది. మన రిసెప్షన్లలో జరిగేది సరిగ్గా అదే. ఆరింటికి బార్ తెరుస్తారు, ప్రసంగాలూ డ్యాన్సులూ అయ్యేసరికి తొమ్మిదిన్నర, అప్పుడు భోజనం. అందుకని బార్ తెరిచిన నిమిషం నుంచే పకోడీలో చికెన్ 65నో తిరుగుతూ ఉండాలి. షాట్లు పోయవద్దని ముందే చెప్పొచ్చు. పార్టీ ముగియడానికి గంట ముందు బార్ మూసేసి టీ, మంచినీళ్లు, ఐస్‌క్రీమ్ పెడితే ఎవరూ నొచ్చుకోరు.

ఎందుకింత జాగ్రత్తంటే, తాగించినవారినీ చట్టం వదలదు కాబట్టి. ఇంటికొచ్చిన అతిథికి మత్తెక్కిందని తెలిసీ, కారు నడుపుతాడని తెలిసీ మందు పోస్తూ పోతే, అతను చేసే ప్రమాదానికి ఆతిథ్యమిచ్చినవారు కూడా బాధ్యులేనని 1984లో న్యూజెర్సీ సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. నిబంధనలు రాష్ట్రానికో రకంగా ఉంటాయి. అందుకే చాలా హాళ్లు ఆ ఒక్కరోజుకు బీమా తీసుకోమంటాయి. అందులో మద్యానికి సంబంధించిన భాగం ఉందో లేదో చూసుకోవాలి.

ఇక పెళ్లికొడుకు స్నేహితుల్లో సగంమంది హెచ్-1బీ మీదో స్టూడెంట్ వీసా మీదో ఉంటారు. అక్కడ చాలా రాష్ట్రాల్లో రక్తంలో ఆల్కహాల్ 0.08 శాతానికి చేరితే నేరం, యూటాలో 0.05 శాతమే. తాగి నడుపుతూ అరెస్టయితే కోర్టులో నేరం రుజువు కాకముందే వీసా రద్దయ్యే అవకాశం ఉంది. అమెరికా విదేశాంగ శాఖ 2015 నుంచి ఈ పద్ధతి పాటిస్తోంది. ఒక రాత్రి సరదాకి ఓ కుర్రాడి చదువో ఉద్యోగమో బలి కాకూడదు కదా. హోటల్లో కొన్ని గదులు తక్కువ రేటుకి మాట్లాడి ఉంచడం, ట్యాక్సీ ఖర్చు తామే పెట్టుకుంటామని ఆహ్వానంతో పాటే చెప్పడం... బార్ బిల్లుతో పోలిస్తే వీటికయ్యేది ఏమంత?

హైదరాబాద్‌లో అయితే...

ఇక్కడ గళ్ల కాగితం అంతగా కనిపించకపోయినా నియమాలున్నాయి. ఫంక్షన్ హాల్లోనో ఫాంహౌస్‌లోనో మందు పోయాలంటే ఎక్సైజ్ శాఖ నుంచి ఆ రోజుకు ఈవెంట్ పర్మిట్ తీసుకోవాలి. ‘హోటల్‌కి లైసెన్సుందిగా’ అని ఊరుకోకుండా, అది లాన్‌కీ బాంక్వెట్ హాలుకీ కూడా వర్తిస్తుందా అని అడగాలి. చవకని పక్క రాష్ట్రం నుంచి పెట్టెలు తెప్పిస్తే చిక్కులు తప్పవు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 21 ఏళ్లు నిండనివారికి పోయకూడదు. మనదేశంలో డ్రైవింగ్ హద్దు అమెరికా కన్నా కఠినం. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే మొదటిసారికే 10,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. ఒక్క లార్జ్ పెగ్గుతోనే ఆ హద్దు దాటిపోయేవాళ్లున్నారు.

వాళ్లూ అతిథులే

బార్ దగ్గర రంగురంగుల గ్లాసులు, పక్క టేబుల్ మీద వెచ్చబడిపోయిన కోక్ సీసా. తాగనివాళ్లకు జరిగే మర్యాద చాలాచోట్ల ఇంతే. పుదీనా నిమ్మరసం, మసాలా మజ్జిగ, పానకం, గోలీసోడా... వీటినీ అదే బార్ మీద, అదే గ్లాసుల్లో ఇస్తే ఖర్చెంతో కాదు. తాగడం మానేసినవాళ్లకూ, కారు నడపాల్సినవాళ్లకూ, గర్భిణులకూ ‘ఎందుకు తాగట్లేదు?’ అన్న ప్రశ్న తప్పుతుంది.

అసలు బార్ పెట్టకపోవడమూ ఒక పద్ధతే. గుడికి సంబంధించిన హాళ్లలో ఎలాగూ కుదరదు. మరెక్కడైనా పెట్టడం ఇష్టం లేకపోతే ఆ మాట ముందే తెలియజేస్తే చాలు, క్షమాపణలు అక్కర్లేదు. ఇంట్లో తాగుడు వల్ల దెబ్బతిన్న మనిషి ఒకరున్నా ఆలోచించాల్సింది వాళ్ల గురించే, స్నేహితులు ఏమనుకుంటారోనని కాదు.

సంతకానికి ముందు అడగండి

* రేటు ఎంతమందికి? తాగనివారికీ పిల్లలకూ ఎంత?
* ఎన్ని గంటలు? అదనపు గంటకు ఎంత?
* ఏయే బ్రాండ్లు? అయిపోతే బదులుగా ఏం పోస్తారు?
* సర్వీస్ ఛార్జీ, పన్ను కలిపితే మొత్తం ఎంత?
* కొలిచి పోస్తారా? ఎంతమంది బార్‌టెండర్లు?
* ఎక్కువైన అతిథికి ‘ఇక చాలు’ అని చెప్పేది ఎవరు? బార్‌టెండర్ చెప్పినప్పుడు అతని వెనక నిలబడే పెద్దమనిషి ఇంట్లోవాళ్లలో ఒకరుండాలి. ఆ రాత్రికి ఆయన గ్లాసు ముట్టకూడదు. పెళ్లి పనుల్లో అన్నిటికన్నా కష్టమైన పని అదే. పేరు ముందే ఖాయం చేసుకోండి.