ఉద్యోగలేఖ అందిన పిమ్మట జీతపు బేరము

ఉద్యోగమిత్తుమను ఆఫరు లేఖ చేతికి వచ్చిన పిమ్మట, అందలి జీతము చాలదని మఱికొంత అడుగుట నేడు మన యువకులలో వాడుకయైనది. అడుగుటలో తప్పు లేదు. తన శ్రమకు వెల కట్టుకొను స్వాతంత్ర్యము శ్రమించువానిదే. కాని 'అడిగిన లేదందురు, అంతియే కదా; మొదటి జీతము మనకెటులను ఉండనే యున్నది' అను నమ్మకముతో అడుగువారు పెక్కుమంది కలరు. ఆ నమ్మకము చట్టము ముందు నిలువదు. ఈ సంగతి ముందుగా తెలిసికొనుట మేలని మా అభిప్రాయము.

పొలము బేరమాడినవారికి ఇది సులభముగా బోధపడును. 1840లో ఇంగ్లండున హైడ్, రెంచ్ అనువారల నడుమ ఒక వ్యాజ్యము నడచెను. రెంచ్ తన పొలమును 1,000 పౌన్లకు ఇత్తుననెను. హైడ్ 950కి ఇమ్మనెను. రెంచ్ సమ్మతింపలేదు. అంతట హైడ్ వేయి పౌన్లే యిత్తునని దిగివచ్చెను. రెంచ్ ఇక ఇయ్యననెను. తీర్పు రెంచ్ పక్షముననే వచ్చినది. తక్కువ వెల చెప్పిననాడే మొదటి ప్రతిపాదన చెల్లిపోయినదనియు, దానిని మఱల బ్రతికించు శక్తి హైడ్‌కు లేదనియు దాని సారాంశము. మన 1872 నాటి కాంట్రాక్టు చట్టము 7వ సెక్షనులో అంగీకారము సంపూర్ణముగా, షరతు లేనిదిగా ఉండవలెనని చెప్పుచున్నది. అంగీకారము పంపబడక పూర్వము ప్రతిపాదనను ఉపసంహరించుకొను హక్కును 5వ సెక్షను ఇచ్చుచున్నది.

ఇది గ్రంథములలోని భయము మాత్రమే కాదు. 2014లో అమెరికాలోని యొక కళాశాల తత్త్వశాస్త్ర బోధనకు ఒక విదుషిని ఎన్నుకొనెను. ఆమె 65,000 డాలర్ల జీతము, ప్రసూతి సెలవు మొదలగు అయిదు కోరికలను మర్యాదగనే వ్రాసి, మీ అభిప్రాయము తెలుపుడని అడిగెను. కళాశాలవారు బేరమాడలేదు, ఉద్యోగమునే ఉపసంహరించుకొనిరి.

మన హైదరాబాదు సాఫ్ట్‌వేరు సంస్థలలో పెక్కింట కొలువు మానుటకు మూడు నెలల ముందు తెలుపవలసియున్నది. క్రొత్త కొలువును నమ్మి రాజీనామా ఇచ్చి, పిమ్మట జీతము హెచ్చింపుడని పట్టుబట్టు గృహస్థు రెంటికి చెడిన రేవడి కాగలడు. ఇంటి అప్పు వాయిదాయు, పిల్లల బడి జీతమును అతని కొఱకు ఆగవు.

అట్లని నోరు మూసికొనుడని మేము చెప్పము. 1880లో స్టీవెన్‌సన్, మెక్లీన్ అను ఇనుప వర్తకుల వ్యాజ్యమున, గడువు దొరకునా యని తంతి ద్వారా విచారించినంత మాత్రమున ప్రతిపాదన రద్దు కాదని తీర్మానింపబడినది. 'ఇంత యిచ్చిననే వత్తును' అనునది ప్రతిబేరము. 'కొంత హెచ్చించుటకు వీలుండునా?' యనునది ప్రశ్న. ప్రశ్నించినను యజమాని వెనుకకు పోవచ్చును. కాని మన మాటయే మన అవకాశమును చంపదు. కావున జీతపు మాట లేఖ రాకమునుపే తేల్చుకొనుట ఉత్తమము. పిమ్మట అడుగవలసివచ్చినచో, ముఖ్యమైన కోరికనొక్కదానినే కారణముతో ఒకమారు అడుగవలెను. అంగీకార పత్రములు ఇరువైపుల ముగియువరకు పాత కొలువును వదలరాదు.

యజమానులకును ఒక మాట. వీలుకాదని చెప్పుట మీ హక్కు. మర్యాదగా అడిగినవానికి తలుపు మూయుట మీకు గౌరవము కాదు. మన ప్రభుత్వోద్యోగ ప్రకటనలలో జీతపు స్కేలు ముందే యుండును. అమెరికాలోని కొలరాడో రాష్ట్రము 2021 నుండి ప్రైవేటు యజమానులును ప్రకటనలోనే జీతపు పరిమితిని తెలుపవలెనని విధించినది. మన సంస్థలును అట్లు చేసినచో, చీకటిలో బేరమాడి బ్రతుకుతెరువు పోగొట్టుకొను దురవస్థ పెక్కుమందికి తప్పును.