రేవులో ఒక పూట బడి

విశాఖ చుట్టుపక్కల ప్రాథమిక పాఠశాలల పిల్లలకు విహారయాత్ర అంటే జూపార్కు, ఆర్కే బీచ్, కురుసుర జలాంతర్గామి. అవి మంచివే. ఆ వరుసలో భీమిలి లాంటి చేపల రేవు కూడా చేరాలి.

వెళ్లేది పడవలు ఒడ్డుకు చేరే వేళకే. ఎండెక్కాక వెళ్తే ఇసుక తప్ప ఏమీ కనపడదు. వలలోంచి కవళ్లు, కానాగంతలు ఒక్కొక్కటే విడదీసే చేతుల్ని, గంపల చుట్టూ సాగే వేలం పాటను మూడో తరగతి పిల్లలు దగ్గరుండి చూడాలి. చిరిగిన వలకు ముడులు వేస్తున్న పెద్దాయన పక్కన వాళ్లను కాసేపు కూర్చోబెట్టండి. నెత్తళ్లకు సన్న కన్నుల వల, వంజరానికి పెద్ద కన్నుల వల ఎందుకో ఆయన చేత్తో చూపించి మరీ చెబుతాడు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవల వేట ఎందుకు ఆపుతారన్న ప్రశ్న పిల్లలకు అక్కడే పుడుతుంది.

2020 జాతీయ విద్యా విధానం 6 నుంచి 8 తరగతులకు పది రోజులు పుస్తకాల సంచి లేని చదువు సూచించింది. అంతకన్నా చిన్నవాళ్లకు ఆ అవసరం ఇంకా ఎక్కువని మా నమ్మకం.

పిల్లల్ని పడవ ఎక్కించొద్దు, నీళ్లలోకి దించొద్దు. చేపల వాసనకు ముక్కు మూసుకుని నవ్వొద్దని ముందురోజే చెప్పాలి. ఎందుకంటే రేవు పల్లె పిల్లలూ బడిలో వీళ్ల పక్కనే కూర్చుని చదువుతారు. బస్సు ఖర్చు తల్లిదండ్రుల మీద వేయకుండా విద్యాశాఖే భరించాలి. పని మానుకుని పాఠం చెప్పిన మత్స్యకారుడికి ఆ పూట కూలి కూడా ఇవ్వాలి.