బ్రిడ్జి బల్ల అందరికీ తెరవాలి

క్లబ్బు సభ్యులకు, పాలకవర్గానికి మనవి



సాయంత్రం ఆరు దాటితే మన క్లబ్బులో రమ్మీ బల్లల దగ్గర కుర్చీ దొరకదు. బ్రిడ్జికి మాత్రం మూలగదిలో ఒకటే బల్ల, దాని చుట్టూ ఏళ్ల తరబడి ఆ నలుగురే. వారిలో ఒకరు పెళ్లికో పేరంటానికో ఊరెళ్తే ఆ వారమంతా ఆట లేదు. అయిదో మనిషికి మనం నేర్పలేదు. నేర్చుకుంటామని వచ్చినవారికి చోటు చూపలేదు. ఇలాగే వదిలేస్తే మన ఊళ్లో బ్రిడ్జి ఈ తరంతోనే ఆఖరు. అలా కాకూడదనే ఈ కరపత్రం.

పేక అనగానే అదృష్టం, డబ్బు గుర్తుకొస్తాయి. డూప్లికేట్ బ్రిడ్జికి ఆ రెండిటితోనూ పని లేదు. బల్ల మధ్యన నాలుగు అరల బోర్డు ఒకటి ఉంటుంది. ఒక్కో అరలో 13 ముక్కలు. ఆడిన ముక్కను మధ్యలోకి విసరరు, ఎవరి ముందు వారే బోర్లించుకుంటారు. ట్రిక్కు (నలుగురూ ఒక్కో ముక్క వేసే పట్టు) గెలిస్తే నిలువుగా, పోతే అడ్డంగా. ఆట అయ్యాక ఎవరి ముక్కలు వారి అరలోకే చేరతాయి, బోర్డు పక్క బల్లకు వెళ్తుంది. అక్కడివారు ఆడేదీ అవే ముక్కలు. వల్నరబుల్ కాని (బోనసు, జరిమానా తక్కువగా ఉండే) చేతిలో మీరు నాలుగు ఇస్పేట్లు, అంటే ఇస్పేటు తురుపుగా పది ట్రిక్కులు, చెప్పి సరిగ్గా పదీ తెస్తే 420 పాయింట్లు. అదే కాంట్రాక్టులో పక్క బల్లవారు పదకొండు తెస్తే 450. అందరికీ ఒకే ప్రశ్నపత్రం ఇచ్చి మార్కులు పోల్చినట్టే. మంచి ముక్కలు పడలేదన్న సాకు ఇక్కడ చెల్లదు. ఆ పదకొండో ట్రిక్కు మన చేతిలోంచి ఎక్కడ జారిందో కూర్చుని తేల్చుకోవలసిందే.

ఇక చట్టం సంగతి. 1967లో సికింద్రాబాదులోని ఒక క్లబ్బు కేసులో రమ్మీ ప్రధానంగా నైపుణ్యం మీద నడిచే ఆట అని చెబుతూ సుప్రీంకోర్టు పోలికకు తీసుకున్నది బ్రిడ్జినే. ఆటలో పెట్టే డబ్బు మీద నిర్వాహకులు లాభం తీస్తే సంగతి వేరనీ ఆ తీర్పే హెచ్చరించింది. పందెం లేని ఆట నడిపే క్లబ్బుకు ఆ బెంగ ఉండదు.

2018లో జకార్తా ఆసియా క్రీడల్లో బ్రిడ్జిని తొలిసారి చేర్చారు. పురుషుల జంట విభాగంలో ప్రణబ్ బర్ధన్, శిబ్‌నాథ్ సర్కార్ స్వర్ణం గెలిచారు. అప్పటికి బర్ధన్‌కు 60 ఏళ్లు. కాంస్యం తెచ్చిన మిశ్రమ జట్టులో కిరణ్ నాడార్, బాచిరాజు సత్యనారాయణ తదితరులు ఆడారు. ఆడా మగా, చిన్నా పెద్దా ఒకే బల్ల దగ్గర సమానంగా పోటీపడే ఈ ఆటకు మన గది తలుపులు మనమే మూసి కూర్చున్నాం.

అందుకని మేం కోరేవి నాలుగు:

1. ప్రతి బుధవారం సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా మూలగదిని, దాని వరండాను డూప్లికేట్ బ్రిడ్జికి కేటాయించాలి. బోర్డుకు ఏడెనిమిది నిమిషాల చొప్పున 20 బోర్డులు ఆ వేళకు హాయిగా సరిపోతాయి.

2. పైసా పందెం ఉండకూడదు. పేకకు, టీకి సరిపడా రుసుము చాలు. దాని లెక్క నోటీసు బోర్డు మీద పెట్టాలి.

3. ఆ సాయంత్రం సభ్యత్వం లేని స్త్రీలను, కాలేజీ విద్యార్థులను, రిటైరైన ఉద్యోగులను కూడా రానివ్వాలి. ఆ గదిలో సిగరెట్టు, మందు నిషేధించాలి.

4. ఆదివారం ఉదయం ఉచితంగా పాఠాలు చెప్పించాలి. ఇన్నాళ్లూ ఆటను నిలబెట్టిన ఆ నలుగురు పెద్దలే గురువులు కావాలి.

రమ్మీ రాబడి పోతుందని కొందరి భయం. మేం అడిగింది ఒక్క గది, ఒక్క సాయంత్రం. రమ్మీ బల్లలు ఎక్కడివక్కడే ఉంటాయి. ఆడవాళ్లెవరొస్తారని ఇంకొందరు అంటారు. పొగ నిండిన గదిలోకి, బల్ల మీద నోట్లున్న ఆటకు ఇన్నాళ్లూ ఎలా వచ్చేవారు? పిల్లలు పేకకు అలవాటుపడతారన్న తల్లిదండ్రుల ఆందోళనను మేం తేలిగ్గా తీసుకోవడం లేదు. పందెం వద్దని పట్టుబడుతున్నది అందుకే. వారూ వచ్చి పక్కన కూర్చుని చూడవచ్చు.

బ్రిడ్జి కష్టమన్న మాటకు జవాబు మినీబ్రిడ్జి. అందులో బిడ్డింగు, అంటే ఎన్ని ట్రిక్కులు తెస్తామో ముందే పాడటం, ఉండదు. ఆసుకు 4, రాజుకు 3, రాణికి 2, జాకీకి 1 చొప్పున నలుగురూ తమ పాయింట్లు పైకి చెబుతారు. ఎక్కువ ఉన్న జంట ఆట తీసుకుంటుంది. మొదటి రోజే ముక్క వేయవచ్చు. బిడ్డింగు తర్వాత మెల్లగా పట్టుబడుతుంది.

వచ్చే సర్వసభ్య సమావేశంలో ఈ నాలుగు కోర్కెలనూ తీర్మానంగా పెడుతున్నాం. తప్పక వచ్చి చేయెత్తండి. పాలకవర్గంలో మీకు తెలిసినవారుంటే ముందే చెప్పి ఒప్పించండి. ఇంట్లోనో పక్కింట్లోనో నేర్చుకోవాలన్న ఆసక్తి ఉన్నవారి పేర్లు క్లబ్బు ఆఫీసులో రాయించండి. ఇద్దరు కలిస్తే జంట, రెండు జంటలైతే బల్ల, రెండు బల్లలైతే పోటీ. ఎనిమిది మంది చాలు, మొదలుపెడదాం.

ఇట్లు,
బ్రిడ్జి ఆట బతకాలని కోరే సభ్యులు