దీవి అండమాన్‌లోనే లేదు, దోర్నాల దాటినా ఉంది



పోస్టు కొంచెం పెద్దదే. ఇప్పుడు తీరిక లేకుంటే సేవ్ చేసుకొని రాత్రికి చదవండి, కానీ చదవండి.

నేను నర్సింగ్ మూడో సంవత్సరం. పోయిన నెల ట్రైనింగ్‌కి ఒక ప్రభుత్వాసుపత్రిలో వేశారు. వార్డులో మన చెంచు పెద్దాయన ఒకరు టీబీతో మళ్లీ చేరాడు. రౌండ్స్‌కి వచ్చిన డాక్టరు కేస్ షీటు చూసి నాతో అన్నాడు: "మీవాళ్లకి ఎంత చెప్పినా మందులు మింగరమ్మా. రెండు నెలలు వాడతారు, తగ్గిందనుకొని అడవిలోకి పోతారు. అడవి నుంచి బయటికి తెస్తే తప్ప వీళ్లు బాగుపడరు." ఆయన చెడ్డోడు కాదు, తిట్టినట్టు కూడా అనలేదు. నేను నోరు మెదపలేదు. మార్కులు ఆయన చేతిలో ఉన్నాయి. ఆ రోజు చెప్పలేని జవాబు ఇక్కడ రాస్తున్నా.

ముందు ఈ "బయటికి తెస్తే బాగుపడతారు" అన్న మాట సంగతి తేల్చుకుందాం. దాన్ని నిజంగా చేసి చూశారు. 1858లో ఆంగ్లేయులు పోర్ట్ బ్లెయిర్‌లో ఖైదీల కోసం సెటిల్‌మెంట్ పెట్టేనాటికి గ్రేట్ అండమానీయులు ఐదు వేల మంది దాకా ఉండేవాళ్లని అంచనా. వాళ్లని "నాగరికులను" చేస్తామని 1860ల్లో అండమాన్ హోమ్స్ అని పెట్టి, అడవిలోంచి తెచ్చి అందులో ఉంచారు. తిండి పెట్టారు, బట్టలిచ్చారు. దాంతోపాటు సిఫిలిస్ ఇచ్చారు. 1877లో తట్టు వచ్చింది. ఆ జబ్బు వాళ్లు ఎన్నడూ ఎరుగరు, ఒంట్లో దాన్ని ఎదుర్కొనే శక్తి లేదు. హోమ్స్‌కి వచ్చిపోయేవాళ్లతోనే అడవి లోపలి వాళ్లకీ పాకింది. 1901 జనాభా లెక్కల్లో మిగిలింది 625 మంది. 1961 లెక్కల్లో 19 మంది. పంతొమ్మిది, అంతే. మన గూడెంలో ఒక పెళ్లికి వచ్చే బంధువులు అంతకంటే ఎక్కువ ఉంటారు.

అదే అండమాన్‌లో ఇంకో ముచ్చట ఉంది, అది కూడా చెప్పకపోతే న్యాయం కాదు. 2020 ఆగస్టులో ఆ గ్రేట్ అండమానీయుల్లో పది మందికి కరోనా వచ్చింది. అప్పటికి వాళ్ల మొత్తం సంఖ్య యాభై పైచిలుకు. కొందరు పోర్ట్ బ్లెయిర్‌లో ఉన్నారు, కొందరు స్ట్రెయిట్ ఐలాండ్ అనే చిన్న దీవిలో. వైద్య బృందం సముద్రం దాటి ఆ దీవికి పోయి అక్కడివాళ్లకి పరీక్షలు చేసింది. పాజిటివ్ వచ్చినవాళ్లని ఆస్పత్రికి తెచ్చారు. కోలుకున్నారు. అంతకుముందు 1999లో జారవాలకు తట్టు వచ్చినప్పుడు కూడా ఆస్పత్రుల్లో పెట్టి చూసుకున్నారు. అంటే తలచుకుంటే చేయగలరు. ఒక తెగ మొత్తం యాభై మందే ఉన్నప్పుడు ఒక్క దగ్గు కూడా లెక్కలోకి వస్తుందని అక్కడ అర్థం చేసుకున్నారు.

ఇప్పుడు మన దగ్గరికి రండి. దోర్నాలకీ మన గూడేలకీ మధ్య సముద్రం లేదు. యర్రగొండపాలెం నుంచి పాలుట్లకు పడవ అక్కర్లేదు. మరి స్ట్రెయిట్ ఐలాండ్‌కు పోయినంత పట్టుదలగా ఇక్కడికి ఎవరు వస్తున్నారు? ఏడాదికోసారి మెడికల్ క్యాంపు. బీపీ చూస్తారు, పారాసెటమాల్ ఇస్తారు, బ్యానర్ ముందు ఫొటో దిగుతారు, మధ్యాహ్నం మూడింటికి బండెక్కుతారు. క్యాంపులో దగ్గే మనిషి కళ్లె తీసుకుపోయేవాళ్లు ఉంటారా? ఉంటే ఆ గూడెం పేరు నాకు చెప్పండి, నేను సంతోషంగా ఈ లైను తీసేస్తా.

మా మామ సంగతి చెప్తా. పేరు, గూడెం రాయను. దసరా నుంచి దగ్గుతున్నాడు. జబ్బు ఫలానా అని తేలింది సంక్రాంతికి. ఈ మధ్యలో ఏం జరిగిందో వినండి. మొదటిసారి ఆటోలో పోయాడు. కళ్లె పరీక్షకు పొద్దున్నే రావాలి, ఇప్పుడు టైమైపోయింది, రేపు రా అన్నారు. రేపు రమ్మంటే రాత్రికి యాడ పడుకోవాలి? ఇంటికొచ్చాడు. పదిహేను రోజుల తర్వాత ముందురోజే పోయి బస్టాండులో పడుకొని కళ్లె ఇచ్చాడు. రిజల్టు తర్వాత వస్తుందన్నారు. మూడోసారి పోతే రాసిన ఫోన్ నెంబరు తప్పంట, కాగితం దొరకలేదు. నాలుగోసారి పోయినప్పుడు టీబీ అని చెప్పారు. నాలుగు సార్ల ఆటో ఖర్చు, నాలుగు రోజుల కూలి. ఆ మూడు నెలలూ ఒకే గదిలో ఐదుగురు పడుకున్నారు. అత్త, ఇద్దరు పిల్లలు, మా జేజి.

టీబీ ఎట్లా అంటుతుందో మనకి తెలుసు. దగ్గినప్పుడు గాల్లోకి పోయే తుంపర్ల ద్వారా. గాలి, వెలుతురు ఆడే చోట తక్కువ, మూసిన గదిలో ఎక్కువ. మన పాత చుట్టు గుడిసెల కాలంలో మనుషులు సగం రోజు బయటే ఉండేవాళ్లు, పడక కూడా చాలావరకు ఆరుబయటే. కాలనీ ఇల్లు అని కట్టించింది ఒక గది, ఒక కిటికీ. ఆ కిటికీకి కూడా దోమలకు భయపడి గోనెసంచి కడతాం. గుడిసెలే మేలని నేననను, వాన కురిస్తే ఆ బాధ మా జేజినడగండి. ఇల్లు కట్టేవాడికి రెండో కిటికీ పెట్టాలని ఎందుకు తోచదు అని మాత్రం అడుగుతున్నా.

మందులు మొదలయ్యాయి. మంచి మందు పడితే రెండు వారాల్లో ఇతరులకు అంటించే గుణం బాగా తగ్గిపోతుంది. కానీ ఆరు నెలలూ వాడాలి. మామకి పదిహేను రోజులకోసారి వచ్చి తీసుకోమన్నారు. రెండు నెలలు తప్పకుండా పోయాడు. తర్వాత తేనె కాలం వచ్చింది. మీలో ఎంతమందికి తెలుసో గానీ, తేనెకు పోతే గుంపుగా పోతారు, వారాల తరబడి లోపలే ఉంటారు. ఏడాదిలో నాలుగు రూపాయలు కళ్లజూసేది అప్పుడే. జీసీసీకి తేనె పోస్తేనే బియ్యం అప్పు తీరేది. మామ మందులిచ్చే చోటుకు పోయి "రెండు నెలలవి ఒకేసారి ఇయ్యండి, నేను మింగుతా" అని అడిగాడు. రూలు ఒప్పుకోదన్నారు. అడవిలోకి పోయాడు. కార్డు మీద ఏం రాశారో తెలుసా? మందులు మానేశాడని.

డాక్టరు గారూ, మందులు మింగని చెంచోడు ఇట్లా తయారవుతాడు. చేతిలో పెట్టి ఉంటే చెట్టు కిందైనా మింగేవాడు. తేనె కాలం ఎప్పుడొస్తుందో మాకు తెలుసు, జీసీసీకి తెలుసు, ఫారెస్టోళ్లకి తెలుసు. ఆరోగ్య శాఖ క్యాలెండరులో మాత్రం ఉండదు.

నెలనెలా పోషణ డబ్బు సంగతి సరేసరి. 2018 నుంచి టీబీ రోగికి నెలకు 500 రూపాయలు ఇచ్చేవాళ్లు, 2024 నవంబరు నుంచి 1000 చేశారు. మంచిదే. అది బ్యాంకు ఖాతాలో పడాలి. మామ ఆధార్‌లో పేరు ఒకటి, పాసు పుస్తకంలో ఇంకొకటి. ఇంకా పడలేదు.

ఇది ఒక్క మా మామ కథ అనుకుంటారేమో. డాక్టర్ అభయ్ బంగ్ కమిటీ 2018లో గిరిజన ఆరోగ్యంపై కేంద్రానికి రిపోర్టు ఇచ్చింది. అందులో లెక్క ఇది: దేశంలో ప్రతి లక్ష మందికి టీబీ 256 ఉంటే గిరిజనుల్లో 703. మలేరియా చూడండి. జనాభాలో ఎనిమిది శాతం పైచిలుకు ఉన్న మనకి మలేరియా కేసుల్లో 30 శాతం, మలేరియా చావుల్లో సగం. 2025 నాటికి దేశంలో టీబీ లేకుండా చేస్తామన్నారు. 2025 వచ్చింది, పోయింది.

ఇంకో సంగతి, మనలో చాలామందికి తెలియదు. నాకూ మొన్నటిదాకా తెలియదు. మార్కాపురం, గిద్దలూరు, యర్రగొండపాలెం వైపు మన గూడేలు ఏవీ ఐదో షెడ్యూల్ ప్రాంతం కిందికి రావు. కృష్ణ అవతల అమ్రాబాద్ చెంచులు షెడ్యూల్డ్ ఏరియాలో ఉన్నారు. ఇవతల మనం లేము. అదే నల్లమల, అదే తెగ, అవే ఇంటిపేర్లు. కొండ, గిరిజన ప్రాంతాల్లో 20 వేల మందికి ఒక పీహెచ్‌సీ, 3 వేల మందికి ఒక సబ్ సెంటర్ ఉండాలని కేంద్రం లెక్క. మైదానంలో 30 వేలకు, 5 వేలకు. మండలం మొత్తాన్ని మైదానం లెక్కన చూస్తే గూడెం ఎక్కడ కనిపిస్తుంది? జనాభా లెక్క వేసేటప్పుడు మైదానపోళ్లం, ఓట్ల ముందు ఆదిమ తెగ. అడగాల్సింది జనం లెక్క కాదు, దూరం లెక్క. నడిచి పోతే ఎంతసేపట్లో నర్సు దొరుకుతుంది? గూడేనికి ఆ ఒక్క ప్రశ్న చాలు.

2023 నవంబరులో పీఎం జన్‌మన్ ప్రకటించారు, 75 ఆదిమ తెగల కోసం. మొబైల్ మెడికల్ యూనిట్లు అందులో భాగం. బండి వస్తుంది, నిజమే. బండి రోడ్డున్నంత దూరమే వస్తుంది. రోడ్డు అడిగితే టైగర్ రిజర్వు అంటారు. అటవీ హక్కుల చట్టం 2006 చదవండి, సెక్షన్ 3(2). దవాఖానా, అంగన్‌వాడీ, బడి, రోడ్డు లాంటి వాటికి ఒక్కోదానికి హెక్టారు లోపు అటవీ భూమి ఇవ్వొచ్చు, హెక్టారుకు 75 చెట్లు మించి కొట్టకూడదు, గ్రామసభ సిఫారసు ఉండాలి. ఉన్న చట్టమే. తుమ్మలబైలులో సఫారీ జీపులు టూరిస్టులని ఎక్కించుకొని అడవిలోకి పోతున్నాయి కదా. పులికి ఆ జీపు అడ్డం కాదు, మందుల బండి అడ్డమా?

రోడ్డొస్తే రోగం రాదా అని మా తాత అడిగాడు. వస్తుంది. జారవాల అడవి గుండా పోయే ట్రంక్ రోడ్డును మూసేయమని 2002లో సుప్రీంకోర్టు చెప్పింది, మూయలేదు. మన శ్రీశైలం రోడ్డు మీద శివరాత్రికి ఎంత జనం పోతారో తెలుసు. కరోనా మొదటిసారి వచ్చినప్పుడు మా గూడెం పెద్దలు ఎవరూ చెప్పకుండానే దారికి కంప వేశారు. కంప వేయడం మన చేతిలో ఉంది. మన గూడెం పిల్లే నర్సయి, తట్టు టీకా తొమ్మిదో నెలలో ఒకటి, ఏడాదిన్నర దగ్గర రెండోది తప్పకుండా వేసే రోజు రావాలంటే మాత్రం దారి కావాలి.

ఇక మన మాట. మనల్ని మనం వదిలేసి అందర్నీ అంటే బాగుండదు. హాస్టళ్ల నుంచి సెలవులకు ఇంటికి పోయేది మనమే. గజ్జి, కండ్లకలక, దగ్గు మోసుకుపోయేదీ మనమే. 2025 అక్టోబరులో కురుపాం గురుకులంలో పచ్చకామెర్లు వచ్చి పెద్ద సంఖ్యలో ఆడపిల్లలు ఆస్పత్రి పాలయ్యారు. ఇద్దరు పిల్లల ప్రాణాలు పోయాయి. మనం నల్ల డీపీ పెట్టుకున్నాం. మన హాస్టల్ నీళ్ల ట్యాంకు మూత తీసి చూసినోళ్లు ఎంతమంది? నేను చూడలేదు. మా జేజి దగ్గు మొదలుపెట్టినప్పుడు "వయసైంది కదా" అన్నది నేనే, నర్సింగ్ చదువుతూ.

మామ అడవి నుంచి వచ్చాక మళ్లీ పరీక్ష చేయించి మందులు మొదలుపెట్టించాం. టీబీ ఉన్నవాళ్ల ఇంట్లో మిగతావాళ్లకి పరీక్ష చేసి, జబ్బు లేకుంటే రాకుండా ముందుగానే మందు ఇవ్వాలి. ఇది ప్రభుత్వం పెట్టిన రూలే. జేజికి ఎక్స్‌రే తీయించాం, ఫర్వాలేదన్నారు. మామ చిన్న కూతురికి ఆరేళ్లు, దానికి ఇంకా ఆ మందు మొదలుకాలేదు.

వచ్చే సోమవారం మార్కాపురంలో గ్రీవెన్స్‌కు పోతున్నాం. అర్జీలో మూడే అడిగాం: కళ్లె గూడెంలోనే తీసుకోవాలి, తేనెకు పోయేవాళ్లకి పోయే రోజుల లెక్కన మందులు ముందే చేతికివ్వాలి, గూడెంలో చదువుకున్న ఒకరికి జీతమిచ్చి ఆ పని అప్పగించాలి. మీ గూడెంలో రెండు వారాలు దాటి దగ్గుతున్నవాళ్లు ఎంతమందో లెక్క రాసుకొని రండి. పేర్లు ఇక్కడ పెట్టొద్దు, కాగితం మీద రాయండి. పొద్దున ఎనిమిదింటికి బస్టాండ్ దగ్గర ఉంటాం. గిద్దలూరు వైపు నుంచి వచ్చేవాళ్లు ముందు బండికే రండి, పది దాటితే టోకెన్లు అయిపోతాయి.