జవాబు రాకముందే సమాధానం

డిసెంబరు వచ్చిందంటే మా ఇళ్లల్లో ఆడవాళ్లకి ఊపిరి సలపదు. ఒకటో తారీఖున వాకిట్లో నక్షత్రం కట్టడంతో మొదలవుతుంది హడావిడి. బూజులు దులపాలి. పరదాలు ఉతకాలి. అరిసెలకి బియ్యం నానబెట్టాలి. జాకెట్ల కోసం టైలరు చుట్టూ తిరగాలి. మధ్యలో సెమీ క్రిస్మస్‌లు, స్త్రీల సమాజం కూడికలు. ఏ అర్ధరాత్రో డోలక్ వాయించుకుంటూ క్యారల్స్ వాళ్లొస్తే నిద్ర లేచి ముప్పై మందికి టీ పెట్టాలి.

ఇవన్నీ ఇష్టంగా చేసుకునే పనులే. బరువని ఎవరూ అనుకోరు. కానీ ఇన్ని పనులు చేసే మనిషి మనసులో ఏముందో కూడా ఎవరూ అడగరు. "పిండివంటలయ్యాయా?" అని అడిగేవాళ్లేగానీ "నువ్వెలా ఉన్నావు?" అని అడిగేవాళ్లు తక్కువ. సంక్రాంతికైనా, రంజాన్‌కైనా ఆడవాళ్ల సంగతి ఇంతే కదూ!

2022 క్రిస్మస్ నేను మర్చిపోలేను. ఆ డిసెంబరులో మావారి మెడ పక్కన ఉసిరికాయంత గడ్డ కనబడింది. నొప్పి లేదు. "పంటి వాపయ్యుంటుందిలే" అని ఆయన కొట్టిపారేశారు. రెండు వారాలైనా తగ్గలేదు. డాక్టరుగారు చూసి, ముక్క తీసి పరీక్షకి పంపాలన్నారు. 19వ తారీఖున పంపారు. ఫలితం ఎప్పుడొస్తుందని కౌంటర్లో అడిగితే, "పండగ సెలవులు కదమ్మా, 27న రండి" అన్నాడు అక్కడి అబ్బాయి, తలైనా ఎత్తకుండా. అతనికది రోజూ చెప్పే మాట. నాకు మాత్రం ఎనిమిది పగళ్లు, ఎనిమిది రాత్రులు.

అత్తయ్యకి చెప్పలేదు, ఆవిడకి బీపీ. పిల్లలకి చెప్పలేదు, పెద్దదానికే పదకొండేళ్లు. అమ్మకి ఫోన్ చేస్తే గొంతు పట్టేసేది, "జలుబు చేసిందమ్మా" అని పెట్టేసేదాన్ని. మావారితో మాట్లాడదామంటే ఆయనే నాకు ధైర్యం చెబుతూ నవ్వుతున్నారు. ఆ నవ్వు వెనకాల ఏముందో పదమూడేళ్లు కాపురం చేసినదాన్ని, నాకు తెలియదా?

ఆ వారం అరిసెల పాకం ముదరబెట్టాను. పాకం పట్టడంలో మా ఇంట్లో నాకు మంచి పేరు. అలాంటిది అరిసెలు రాళ్లయ్యాయి. "ఏమయిందే నీకు?" అంది అత్తయ్య. "ఏం లేదత్తయ్యా, ఫోనొచ్చి చూసుకోలేదు" అన్నాను. రాత్రి రెండింటికి లేచి వాకిట్లో నక్షత్రంకేసి చూస్తూ కూర్చునేదాన్ని. ప్రార్థన చేద్దామంటే చిన్నప్పట్నుంచీ నేర్చుకున్న మాటలన్నీ పెదవుల మీదే ఉండిపోయేవి.

ఆ ఒక్క మాట

22న స్త్రీల సమాజం క్రిస్మస్ కూడిక జరిగింది. ప్రార్థన మనవులేవన్నా ఉంటే చెప్పమన్నారు. ధైర్యం చేసి లేచి, "ఇంట్లో ఆరోగ్యం విషయమై దిగులుగా ఉంది, ప్రార్థన చెయ్యండి" అన్నాను. అంతకు మించి చెప్పలేకపోయాను. కూడిక అయ్యాక ఒకావిడ నా భుజం తట్టి, "విశ్వాసులం, మనకి దిగులేమిటమ్మా? దిగులు పడుతున్నామంటే విశ్వాసం తక్కువైనట్టే" అంది.

మంచి మనిషే. నా మంచి కోరే అంది. కానీ ఆ మాటతో నా దిగులు ఒకటికి రెండయింది. అప్పటిదాకా ఆయన ఆరోగ్యం గురించే భయం. ఇప్పుడు దేవుడి దగ్గర కూడా తప్పు చేస్తున్నానేమోనన్న భయం వచ్చి చేరింది.

నేనీ నాలుగు ముక్కలు రాయడానికి కారణం ఆ మాటే. మన సంఘాల్లో దాన్ని చాలా తేలిగ్గా అనేస్తుంటాం. నేనూ ఎప్పుడో ఎవరితోనో అనే ఉంటాను. దాని ఫలితం ఏమిటంటే, ఆదివారం గుడికొచ్చే ఆడవాళ్లం చీరలు ఇస్త్రీ చేసుకుని, దిగుళ్లు మడత పెట్టి దాచుకుని వస్తున్నాం. భర్త తాగుడు, కూతురి కాపురం, తీరని అప్పు, ఏదీ బయటపెట్టకూడదు. సాక్ష్యం చెప్పాలంటే కష్టం తీరాక లేచి చెప్పాలి. కష్టంలో ఉండగానే లేచి నిలబడేవాళ్లకి చోటేదీ?

మొదటి క్రిస్మస్ ఎలా జరిగింది?

24 సాయంత్రం మా వీధి చివర ఉండే పెద్దావిడ వచ్చింది. ఒకప్పుడు బైబిల్ స్త్రీగా ఊరూరా తిరిగి పనిచేసిన మనిషి. వంటింట్లో పీట వాల్చుకుని, నేను వద్దంటున్నా వినకుండా, మర్నాటి బిర్యానీకి ఉల్లిపాయలు తరగడం మొదలుపెట్టింది. కాసేపయ్యాక, "కూడికలో నీ మొహం చూశానే. ఎవరికేమయింది?" అంది మెల్లగా. ఉల్లిపాయల మీద నెపం పెట్టే వీలుంది గనక కరువుతీరా ఏడ్చాను. అంతా చెప్పేశాను. ఆవిడ వాక్యాలేవీ వల్లించలేదు. చెయ్యి తుడుచుకుని నా తల నిమిరింది. "మరియమ్మకి మాత్రం భయం వెయ్యలేదనుకుంటున్నావా? ఇవాళ రాత్రి లూకా సువార్త రెండో అధ్యాయం తీసి చదువు. ఆడదానివై చదువు" అని లేచి వెళ్లింది.

చదివాను. చిన్నప్పట్నుంచీ నాటకాల్లో వేసిన కథే. దూత వేషానికి తెల్లచీర కట్టుకుని వేదికెక్కినదాన్నే. అయినా ఆ రాత్రి కొత్తగా కనబడింది.

అగస్టు చక్రవర్తి జనసంఖ్య రాయించుకోమని ఆజ్ఞ ఇచ్చాడు. నజరేతు నుంచి బేత్లెహేముకి దాదాపు 150 కిలోమీటర్లు. నిండు చూలాలు. బొమ్మల్లో గాడిద మీద కూర్చున్నట్టు చూపిస్తారుగానీ సువార్తలో గాడిద మాటే లేదు. తీరా వెళ్తే సత్రంలో చోటు లేదు. పురిటి సమయంలో అమ్మ పక్కనున్నట్టు రాయలేదు, మంత్రసాని వచ్చినట్టు రాయలేదు. బిడ్డని పొత్తిగుడ్డలతో చుట్టి తొట్టిలో పడుకోబెట్టింది తల్లేనని మాత్రం రాశాడు లూకా. తొలి కాన్పు, పరాయి ఊరు, పశువుల తొట్టి. మనలో ఎవరమైనా ఆ పరిస్థితిలో నిశ్చింతగా ఉండగలమా?

ఇంకొకటి గమనించాను. మరియతో దూత అన్న మాట భయపడొద్దనే. మత్తయి సువార్తలో యోసేపుతోనూ అదే మాట. పొలంలో గొర్రెల కాపరులతోనూ అదే మాట. భయం లేనివాళ్లతో ఎవరైనా భయపడొద్దంటారా? ఈ కథలో అందరికీ భయం వేసింది. భయం వేసినందుకు వీళ్లలో ఎవరినీ దేవుడు కోప్పడలేదు.

అంతటితో కష్టాలు తీరాయా? లేదు. భూమ్మీద సమాధానం కలగాలని దూతలు పాడారు. మత్తయి సువార్త చూస్తే, ఆ తర్వాత హేరోదు రాజు బిడ్డని చంపాలని చూశాడు. రాత్రికి రాత్రి ఐగుప్తుకి పారిపోవలసి వచ్చింది. బయట ఏమీ చక్కబడకుండానే ఆ సమాధానం వచ్చిందన్నమాట.

మన తెలుగు బైబిల్లో శాంతిని ఎక్కువగా సమాధానం అంటారు. బయట ఆ మాటకి ప్రశ్నకి జవాబు అనే అర్థం. చిన్నప్పుడు స్కూల్లో లెక్కకి సమాధానం, గుళ్లో దేవుని సమాధానం విని తికమకపడేదాన్ని. ఆ రాత్రి రెంటికీ తేడా తెలిసింది. నేను ఎదురుచూస్తున్నది జవాబు కోసం. అది 27న రావాలి. క్రిస్మస్ ఇస్తానన్నది రెండో సమాధానం. దానికి జవాబు రానక్కర్లేదు. భయంలో మనం ఒంటరిగా లేమని తెలిస్తే చాలు.

అప్పుడు మావారిని లేపాను. "నాకు చాలా భయంగా ఉందండీ" అన్నాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నాకూ భయంగానే ఉంది" అన్నారు. ఆరు రోజుల్లో మేమిద్దరం ఒకరికొకరం నిజం చెప్పుకున్నది అప్పుడే. చెయ్యీ చెయ్యీ పట్టుకుని ప్రార్థన చేశాం. పెద్దమాటలేమీ లేవు. భయంగా ఉంది, మాతో ఉండు అన్నాం, అంతే. ఆ తర్వాత నిద్రపట్టింది. నాలుగింటి ఆరాధనకి అలారం మోగినా మెలకువ రానంత నిద్ర!

పాటల వెనకాల, గుడి వెనకాల

శాంతికి చెందిన గుర్తులు చాలావరకు కష్టకాలంలో పుట్టినవే. 'సైలెంట్ నైట్' పాట వినని క్రిస్మస్ ఉండదు. ఆస్ట్రియాలో జోసెఫ్ మోర్ అనే యువ గురువు ఆ గీతం రాసింది 1816లో. నెపోలియన్ యుద్ధాలు ముగిసి అప్పటికి ఏడాదే. 1818 డిసెంబరు 24న ఫ్రాంజ్ గ్రూబర్ బాణీ కట్టగా, ఓబెర్న్‌డార్ఫ్ అనే చిన్న ఊరి గుళ్లో గిటారు మీద మొదటిసారి పాడారు. యుద్ధం చూసినవాళ్లకే ప్రశాంతమైన రాత్రి విలువ తెలుస్తుంది.

అంత దూరం ఎందుకు? మన మెదక్ చర్చి ఉంది. 175 అడుగుల ఆ గోపురాన్ని తలెత్తి చూసినవాళ్లు మనలో ఎందరో. 1924 డిసెంబరు 25న, సరిగ్గా క్రిస్మస్ నాడే దాన్ని ప్రతిష్ఠించారు. చార్లెస్ వాకర్ పాస్నెట్ అనే మిషనరీ కరువు రోజుల్లో జనానికి పని చూపించి, తిండి పెట్టి కట్టించిన గుడి అది. ఆకలితో ఉన్నవాళ్లకి ఆయన విశ్వాసం ఉంటే ఆకలెందుకని చెప్పలేదు. చేతికి పని, కంచంలో అన్నం చూపించాడు. దిగులుతో ఉన్న మనిషి పక్కన కూర్చుని ఉల్లిపాయలు తరిగిన మా పెద్దావిడ చేసిందీ అలాంటి పనే.

ఇంతకీ ఆ కాగితంలో...

27న ఫలితం వచ్చింది. మేం భయపడింది కాదు, గ్రంథికి వచ్చిన టీబీ అన్నారు. ఆరు నెలలు మందులు వాడారు. తగ్గిపోయింది. దేవుడికి స్తోత్రం చెప్పుకున్నాం. సంఘంలో సాక్ష్యం చెప్పమని అడిగారు. చెప్పాను. కానీ 27 గురించి కాదు, 24 రాత్రి గురించి చెప్పాను. కొందరికి అది సాక్ష్యంలా అనిపించలేదట!

ఎందుకలా చెప్పానంటే, ఆ కాగితంలో ఇంకో మాట ఉండి ఉంటే? మా సంఘంలోనే ఆ ఇంకో మాట విన్న ఇళ్లున్నాయి. వాళ్లు మాకంటే తక్కువ ప్రార్థన చేశారా? వాళ్ల విశ్వాసం మాకంటే చిన్నదా? కాదు. మంచి ఫలితం వస్తేనే దేవుడు మనతో ఉన్నట్టని చెబితే వాళ్లకి మనం ఏం మిగిల్చినట్టు? అదే ఇంకో మాట వచ్చి ఉంటే ఎంత నిబ్బరంగా ఉండేదాన్నో చెప్పలేను. ఏడ్చేదాన్ని, అది మాత్రం ఖాయం. కానీ ఒంటరిగా ఏడ్చేదాన్ని కాదు.

దిగులుపడవద్దని ఫిలిప్పీయులకి రాసిన పౌలు ఆ సమయంలో బంధకాల్లో ఉన్నాడు. ఊరికే వద్దని ఊరుకోలేదు, మీ విన్నపాలు దేవుడికి చెప్పుకోమన్నాడు. చెప్పుకోమన్నాడే, దాచుకోమనలేదు. దేవుడికే చెప్పుకోగలిగింది పక్కనున్న మనిషికి చెప్పుకోకూడదా?

అవసరమైతే డాక్టరుకి కూడా చెప్పుకోవాలి. మామూలు దిగులు వేరు. వారాల తరబడి నిద్ర పట్టకుండా, తిండి సహించకుండా, బతుకే వద్దనిపించేలా ఉంటే అది వైద్యం కావలసిన జబ్బు. మోకాళ్లు నొప్పులైతే మందు వేసుకుంటాం, మనసుకైతే విశ్వాసం తక్కువంటామా? 2022లోనే ప్రభుత్వం మొదలుపెట్టిన టెలీ మానస్ ఉంది. 14416కి ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు. ఆ నంబరు రాసిపెట్టుకోవడం అవిశ్వాసమేమీ కాదు.

ఆ ఏడాది తర్వాత మా ఇంట్లో చిన్న మార్పు వచ్చింది. పండగ పనులు సగం తగ్గించాను. అరిసెలు కొనుక్కొస్తున్నాం. మొదట్లో గొణిగినా ఇప్పుడు అత్తయ్యకీ అలవాటైంది. మిగిలిన టైములో స్త్రీల సమాజంలో ఇద్దరు ముగ్గురి ఇళ్లకి వెళ్తున్నాను. వాక్యం చెప్పడానికి కాదు, కూర్చోడానికి.

ఈ క్రిస్మస్‌కి మీ పక్కింటి నుంచి కేకు ముక్కో, అరిసెల పళ్లెమో వస్తే అందుకోండి. మీరు ఏ మతం వాళ్లైనా సరే, పళ్లెం తిరిగి ఇచ్చేటప్పుడు ఆ తెచ్చినామెని ఒక్క మాట అడగండి, "నువ్వెలా ఉన్నావు?" అని. జవాబు చెప్పేదాకా గుమ్మంలోనే నిలబడండి. "బాగానే ఉన్నా" అనేసి వెళ్లిపోబోతే, "రా, కాసేపు కూర్చో" అనండి.

ఆ రాత్రి బేత్లెహేములో ఒక తల్లికి దొరకనిది కాస్త చోటే కదా!